రెండు నల్లరాతి పొరల నడుమ సముద్రం

హనుమాన్ జంక్షన్‌లో కలిసే దారుల్లో నూజివీడు వైపు పోయేది మెట్టకు ఎక్కుతుంది, గుడివాడ వైపు పోయేది పల్లపు వరిచేలలోకి దిగుతుంది. అందుచేత ఆ కూడలిని మామిడి తోటల ఎర్రనేలకూ డెల్టా నల్లనేలకూ మధ్య సరిహద్దు మీద వెలసిన ఊరుగా భావించవచ్చు. ఆ సరిహద్దు ఒక్క పంటలకే పరిమితమైనది కాదు. మెట్టవైపు నేల అడుగున ఉన్న రాయి కోట్ల ఏళ్ల నాటిది, డెల్టా వైపు పైనున్న ఒండ్రు నదులు నిన్న మొన్న తెచ్చిపోసినది. ఈ రెండింటి నడుమ జరిగిన కథలో సముద్రం లోపలికి వచ్చిన సందర్భాలు, వెనక్కు తగ్గిన సందర్భాలు, నిప్పుల ఏరు కింద పడి కప్పబడిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాటికి సాక్ష్యం చెప్పే సున్నపురాయి హనుమాన్ జంక్షన్ నుంచి జాతీయ రహదారి మీద తూర్పుగా రెండు గంటల లోపు ప్రయాణంలో, దేవరపల్లి, కొవ్వూరు మండలాల్లోని దుద్దుకూరు, పంగిడి గ్రామాల దగ్గరా, గోదావరి దాటాక రాజమహేంద్రవరం పక్కనున్న కాతేరులోనూ కనిపిస్తుంది.

అయితే ఆ రాయి దగ్గరకు వెళ్లేముందు నూజివీడు నేలను ఒకసారి తలచుకోవడం అవసరం. భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్న కాలంలో, అంటే సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి చుట్టుపక్కల, నేటి కృష్ణా గోదావరి తీరం పగులుబారి కుంగడం మొదలై, ఆ లోతట్టులో నదులు ఇసుకను పేర్చాయి. అది గట్టిపడి ఏర్పడిన రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు నూజివీడు ప్రాంతంలోని ఒక పల్లె పేరు మీద గొల్లపల్లి ఇసుకరాయి అని పిలుస్తారు. ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రాతిలో ముద్రపడిన ఆకులను పరిశీలించి 1877లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ ప్రచురణగా వెలువరించిన గ్రంథంలో ఈ పల్లె పేరు గోలపిలి అయింది, చిరునామా ఏలూరు దగ్గర అని పడింది. రాతి మీద ముద్రలు వదిలిన మొక్కల్లో ముఖ్యమైనది టైలోఫిల్లం. శేషాచలం కొండల్లో పెరిగే పేరీత ఆకును తలపించే ఈకలాంటి ఆకులు దానివి. మామిడి వేళ్లు దిగిన ఎర్రమట్టిలో కొంత భాగం ఆ ఇసుకరాయి చివికి వచ్చినదే కాబట్టి, రసాల తోటల కింద పూలు పూయని అడవి ఒకటి అణగి ఉందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఆ పొరలు సముద్రం వైపు, అంటే ఆగ్నేయంగా మెల్లగా వాలి ఉండడం వల్ల, మెట్ట నుంచి తీరం వైపు నడిచేకొద్దీ పాతరాయి మీద కొత్తరాయి వరసగా ఎదురవుతుంది. గొల్లపల్లి రాయికి పైన, చింతలపూడి ప్రాంతపు రాఘవపురం పేరుతో ప్రసిద్ధమైన పలకరాయిలో అమ్మొనైట్లు దొరుకుతాయి. పొట్టేలు కొమ్ములా చుట్టుకొన్న గుల్లలో బతికిన ఈ జీవులు నేటి ఆక్టోపస్‌లకు దూరపు చుట్టాలు, ఉప్పునీటిలో తప్ప మరెక్కడా ఉండనివి, కనుక ఆకులు రాలిన నేల మీదికి అప్పటికే సముద్రం వచ్చిందని అవి నిర్ధారిస్తాయి. దానికి పైనున్నది తిరుపతి ఇసుకరాయి. ఈ పేరు వినగానే ఏడుకొండలు తలపుకు రావడం సహజమే గాని, శాస్త్రగ్రంథాల్లో చెప్పిన తిరుపతి ఏలూరుకు ఉత్తరాన ఉన్న చిన్న తిరుపతి, అంటే ద్వారకా తిరుమల. 19వ శతాబ్దిలో సర్వేకు వచ్చిన విలియం కింగ్ ఆ కొండ పేరును రాతికి పెట్టి, తరువాతి తరాల విద్యార్థులను చిత్తూరు జిల్లా వైపు చూసేలా చేశాడు. ఆ రాతిలో ట్రైగోనియా అనే ముక్కోణపు రెండుచిప్పల సముద్రజీవి గుల్లలు నమోదయ్యాయి.

ఇంతవరకు చెప్పినది ఇసుకరాయి, పలకరాయి. సున్నపురాయి పుట్టుక వేరు. ఇసుకరాయిని నది మోసుకొచ్చిన రేణువులు కడితే, సున్నపురాయిలో చాలా భాగాన్ని ప్రాణులే కడతాయి. మాగాయకు కాయ చెక్కు తీసేందుకు ఈ ప్రాంతపు ఇళ్లలో ఒకప్పుడు కత్తికన్నా ఆల్చిప్పనే ఎక్కువగా వాడేవారు. చెరువులోనో కాలవలోనో దొరికిన చిప్పను గరుకుబండ మీద బోర్లించి అరగదీస్తే దాని ఉబ్బెత్తు భాగంలో కన్నం పడుతుంది, ఆ కన్నపు పదునైన అంచును కాయ మీద నడిపితే తొక్క పల్చని పొరలుగా లేచివస్తుంది. అలా అరగదీసేటప్పుడు బండ మీద రాలే తెల్లని పొడి కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయికి మూలమైన పదార్థం. నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని, కార్బొనేట్‌ను జీవి తన ఒంటి నుంచి స్రవించే పొర ద్వారా గట్టిపరచి గుల్లగా కట్టుకొంటుంది. జీవి చచ్చాక మాంసం కుళ్లిపోయినా గుల్ల అడుగున మిగులుతుంది. అలాంటి గుల్లలు, వాటి ముక్కలు, వాటి పొడి, సున్నపు పాచి మొక్కల అవశేషాలు అడుగున పేరుకొని, పైనుంచి పడే బరువుకు నొక్కుకొనిపోయి, నీటిలోని సున్నమే జిగురై అతికిస్తే రాయి అవుతుంది. గుల్లలను బట్టీలో కాల్చి సున్నం తీసిన తెలుగువారు దానికి గుల్లసున్నం అని, రాతిని కాల్చి తీసినదానికి రాతిసున్నం అని రెండు పేర్లు పెట్టుకొన్నారు గాని, దుద్దుకూరు రాతి విషయంలో ఆ రెండూ ఒకటే.

సున్నపురాయి అయినంత మాత్రాన శిలాజాలు ఉండి తీరాలన్న నియమం లేదు. హనుమాన్ జంక్షన్‌కు పడమరగా, విజయవాడ దాటిపోతే వచ్చే జగ్గయ్యపేటలోనూ, ఇంకా లోపలికి పల్నాడులోనూ సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి గుట్టలు గుట్టలుగా ఉంది, కర్నూలు ప్రాంతం నుంచి వచ్చి ఇళ్లలో గచ్చుగా పరచుకొన్న నాపరాయి కూడా ఆ కోవలోనిదే. కాని గుల్ల కట్టుకొనే జంతువులు లోకంలో పుట్టకముందే ఏర్పడిన రాయి కావడం వల్ల అందులో నత్త గాని చిప్ప గాని వెదికితే దొరకదు. పరిమాణంలో కొండకూ పిడికెడుకూ ఉన్నంత తేడా ఉన్నా, కథ చెప్పడంలో గోదావరి ఒడ్డున ఉన్న కొద్ది మీటర్ల పొరదే పైచేయి.

ఆ పొర నిజానికి ఒకటి కాదు, రెండు. కింది పొర నల్లరాతికి అడుగున ఉంటుంది, పై పొర రెండు నల్లరాతి పొరల మధ్య ఇరుక్కొని ఉంటుంది. నల్లరాయి అంటే ఇక్కడ బసాల్టు, చల్లారి గట్టిపడిన లావా. పశ్చిమ కనుమల నుంచి మధ్యభారతం దాకా మెట్లుమెట్లుగా కనిపించే లావా పొరలకు దక్కను ట్రాపులు అని పేరు. ట్రాప్ అన్నది మెట్టు అనే అర్థమిచ్చే స్వీడిష్ మాట నుంచి వచ్చింది. గోదావరికి ఇరువైపులా ఉన్న చిన్న ముక్కకు రాజమండ్రి ట్రాపులు అనే పేరు స్థిరపడింది. అందుచేత లావాకు అడుగున ఉన్న సున్నపురాయిని అధోట్రాప్ పొర అనీ, లావాల నడుమ ఉన్నదాన్ని అంతర్‌ట్రాప్ పొర అనీ చెప్పుకోవచ్చు.

దుద్దుకూరు దగ్గరి అధోట్రాప్ పొరలో ప్రధానంగా కనిపించే శిలాజం టరిటెల్లా. ఆ లాటిన్ మాటకు చిన్న బురుజు అని అర్థం. మొనదేలిన శిఖరం నుంచి కిందికి వచ్చేకొద్దీ ఒక్కొక్క చుట్టూ వెడల్పవుతూ, గుల్ల మొత్తం మరమేకులా ఉంటుంది. రాతిని పగలగొట్టినప్పుడు గుల్ల నిలువునా చీలితే లోపలి గదులు నిచ్చెన మెట్లలా వరుసగా కనిపిస్తాయి. అడ్డంగా తెగితే ఒక గుండ్రని మచ్చ మాత్రమే కనిపించి, తెలియనివారు దాన్ని గులకరాయిగా పొరబడతారు. కొన్నిచోట్ల అసలు గుల్ల నీటికి కరిగిపోయి, దాని లోపల నిండి గట్టిపడిన బురద మాత్రమే మిగులుతుంది. దీన్ని లోపలి అచ్చు అంటారు, దాని మీద గుల్ల బయటి నగిషీ ఏమీ ఉండదు. ఈ జాతి నత్తలు ఇప్పటికీ లోతు తక్కువ సముద్రపు అడుగున, మెత్తని ఇసుకలోనో బురదలోనో కూరుకొని, నీటిని వడగట్టి ఆహారం తీసుకొంటూ బతుకుతున్నాయి కాబట్టి, దుద్దుకూరు దగ్గర ఆ రోజుల్లో తీరానికి దగ్గరగా ఉండే లోతు తక్కువ సముద్రం ఉండేదని అనుమానం లేకుండా చెప్పవచ్చు.

ఆ సముద్రం మీదికి లావా వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు చాలాకాలం తృప్తికరమైన జవాబు దొరకలేదు, ఎందుకంటే దక్కను ట్రాపుల ప్రధాన భూభాగానికీ రాజమహేంద్రవరానికీ మధ్య వందల కిలోమీటర్ల మేర లావా ఆనవాలే లేదు; స్థానికంగానే నేల పగిలి ఉబికి ఉంటుందన్న అభిప్రాయం అందువల్ల పుట్టినదే. రాతిలోని రసాయన మూలకాల నిష్పత్తులను పోల్చి చూసినప్పుడు గోదావరి ఒడ్డు నల్లరాయి మహాబలేశ్వరం ప్రాంతపు పైపొరలతో సరిపోయింది. స్టీఫెన్ సెల్ఫ్, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన పత్రంలో ఈ లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు పాత నదీలోయల వెంట పారి తూర్పు తీరం చేరి ఉంటుందనీ, భూమి మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అతి పొడవైనవి ఇవే కావచ్చుననీ వాదించారు. గోదావరి పడమటి కనుమల్లో పుట్టి తూర్పున సముద్రంలో కలుస్తుందని చిన్నతరగతుల్లోనే నేర్పుతారు. అదే దిక్కుగా, గోదావరి కన్నా ముందు, నిప్పు పారింది.

మొదటి లావా చల్లారిన తరువాత రెండోది వచ్చేలోగా గడిచిన కాలంలో సముద్రం మళ్లీ ఒడ్డుకు చేరి, నల్లరాతి మీద సున్నపు బురదను పరిచింది. అంతర్‌ట్రాప్ పొర అదే. 1835లో ఉత్తర సర్కారుల గుండా ప్రయాణించిన బెంజా అనే వైద్యుడు ఈ ప్రాంతపు గుల్లలున్న రాతి గురించి మద్రాసు పత్రికకు రాశాడు. నాగపూరులో మతబోధకుడుగా పనిచేస్తూ శిలాజాల మీద మక్కువ పెంచుకొన్న స్టీఫెన్ హిస్లప్ 1860లో లండన్‌లో వెలువడిన వ్యాసంలో రాజమహేంద్రవరపు గుల్లలను నాగపూరు గుల్లలతో పోల్చాడు. నాగపూరు దగ్గర లావాల నడుమ దొరికేవి మంచినీటి నత్తలు; వాటిలో ప్రసిద్ధమైన ఫైసా గుల్ల ఎడమవైపుకు చుట్టుకొని ఉంటుంది. (పూజామందిరాల్లో అపురూపంగా దాచే దక్షిణావర్త శంఖం కూడా శాస్త్రజ్ఞుల లెక్కకు ఎడమచుట్టే, వారు గుల్లను శిఖరం పైకి వచ్చేలా పట్టుకొని చూస్తే, అర్చకులు తలకిందులుగా పట్టుకొని చూస్తారు, తగవు అంతే.) కాతేరు రాతిలో అలాకాక ఆలుచిప్పల వంటి ఆస్ట్రియా గుల్లలు, సెరిథియం, పొటామిడిస్ అనే పొడుగు నత్తలు ఎక్కువ. పొటామిడిస్ కుటుంబపు నత్తలు నేడు మడ అడవుల బురదల్లో, ఆటుపోట్లకు ఒకపూట తడుస్తూ ఒకపూట ఆరుతూ బతుకుతాయి.

దీన్నిబట్టి కాతేరు దగ్గరి నీరు పూర్తిగా సముద్రమూ కాదు, పూర్తిగా నదీ కాదు. హనుమాన్ జంక్షన్ వారికి దీన్ని వివరించడం తేలిక, ఎందుకంటే కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వారికి పరిచితమే: వానాకాలంలో మంచినీరు కిందికి తోసుకుపోతుంది, ఎండాకాలంలో ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది, ఆ రెండింటినీ తట్టుకోగలిగిన జీవులు మాత్రమే అక్కడ స్థిరపడతాయి. అలాంటి చోట జాతుల సంఖ్య తక్కువగానూ, ఒక్కొక్క జాతిలో ప్రాణుల సంఖ్య లెక్కకు మిక్కిలిగానూ ఉంటుంది. కాతేరు రాతిలో ఒకే రకం గుల్లలు కుప్పలుగా కనిపించడానికి కారణం అదే.

ఈ రాతికి విజ్ఞానలోకంలో ఇంత గౌరవం రావడానికి కంటికి ఆనే గుల్లల కన్నా ఆననివే ఎక్కువ కారణం. రాతిని కాగితమంత పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు 1930లలో అందులో రెండు లోకాలను చూశారు. ఒకటి సున్నపు పాచిమొక్కలది: వెచ్చని సముద్రాల్లో పెరిగే నియోమెరిస్, అసిక్యులేరియా ముక్కలు ఒకవైపు, మంచినీటిలోనో కొంచెం ఉప్పదనం ఉన్న నీటిలోనో పెరిగే చారా మొక్కల విత్తనాల వంటి అవయవాలు మరొకవైపు, ఆవగింజ కన్నా చిన్నవైన ఈ రెండో రకం వాటి చుట్టూ తాడు చుట్టినట్లు గట్లు ఉంటాయి. రెండో లోకం ఫోరామినిఫెరాది. రంధ్రాలు కలవి అని ఆ పేరుకు అర్థం. ఒకే కణం ఉన్న ఈ ప్రాణి ఒక గది కట్టుకొని, అది చాలక పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి కట్టుకొంటూ పోయి, చివరకు మిల్లీమీటరు లోపు పరిమాణంలో ఒక సున్నపు మేడ మిగిల్చి పోతుంది. వాటిలో జాతులు త్వరత్వరగా పుట్టి త్వరత్వరగా అంతరిస్తాయి కాబట్టి, ఏ జాతి ఉందో తెలిస్తే రాయి ఏ కాలానిదో తెలుస్తుంది.

దక్కను లావా ఎప్పటిదన్న వివాదం ఆనాడు ముదిరి ఉండేది. పాతకాలపు సర్వేక్షణ అధికారులు దాన్ని డైనోసార్ల కాలమైన క్రెటేషియస్‌లో పెడితే, బీర్బల్ సాహ్ని శిలాజ వృక్షాల ఆధారంతో 1934లో అది ఆ తరువాతి యుగానిదని వాదించాడు. రాజమహేంద్రవరం ఫోరామినిఫెరా, పాచిమొక్కలు ఆయన పక్షాన సాక్ష్యం చెప్పాయి. వాదంలో ఇరుపక్షాలదీ కొంతకొంత నిజమేనని తేలడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. చమురు కోసం ఓఎన్‌జీసీ పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో తవ్విన లోతైన బావుల్లో ఈ లావా పొరలే నేల అడుగున తగిలాయి; వాటి కిందా మధ్యనా పైనా దొరికిన సముద్రపు ఫోరామినిఫెరాను బట్టి లావా క్రెటేషియస్ ముగింపుకు, తరువాతి పేలియోసీన్ ఆరంభానికి అటూ ఇటూ పారిందని జైప్రకాష్ మొదలైన శాస్త్రజ్ఞులు 1990లలో గుర్తించారు.

ఆ రెండు యుగాల నడిమి గీత, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటిది, భూమి మీద జీవరాశికి జరిగిన పెనునష్టాల్లో ఒకదాన్ని సూచిస్తుంది. డైనోసార్లు, రాఘవపురం రాతిలో గుల్లలు విడిచిన అమ్మొనైట్ల వారసులు, సముద్రపు పైనీటిలో తేలే ఫోరామినిఫెరాలో చాలా జాతులు అక్కడితో అంతరించాయి. 1980లో అల్వరెజ్ తండ్రీకొడుకుల బృందం ఉల్కాపాతమే కారణమని ప్రతిపాదించడం, తరువాత మెక్సికోలో చిక్షులూబ్ గొయ్యి గుర్తుపట్టడం జరిగాక చాలామంది ఆ వైపు మొగ్గారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ మాత్రం దక్కను లావానే ముఖ్యకారణమని పట్టుబట్టి, 2008లో ప్రకటించిన పత్రంలో గోదావరి క్వారీలను సాక్ష్యంగా నిలబెట్టింది. అంతర్‌ట్రాప్ సున్నపురాతిలో ఉన్న తేలే ఫోరామినిఫెరా నష్టం జరిగిన వెంటనే పుట్టిన తొలి జాతులు కాబట్టి, ఆ రాతికి అడుగున ఉన్న లావా నష్టకాలానికి అతి చేరువదై ఉండాలి అన్నది ఆమె తర్కం. ఆమె వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు, ఉల్కావాదానికే నేటికీ బలం ఎక్కువ. అయినా ఆ రాతి వయస్సుకు సంబంధించిన గుర్తింపు ఈ తగవు మీద ఆధారపడినది కాదు. సర్వనాశనం తరువాత సముద్రంలో ముందుగా తలెత్తిన ప్రాణులు ఎంత చిన్నవో, ఎంత కొద్ది రకాలవో చూడాలంటే, అది చూపగలిగిన చోట్లలో తెలుగునేల ఒకటి.

కెల్లర్ పత్రంలో ఒక క్వారీ పేరు సున్నంరాయి అని రోమన్ లిపిలో అచ్చయింది. పేరు అడిగిన విదేశీయులకు అక్కడివారు రాయి పేరే చెప్పి ఉంటారని ఊహిస్తే నవ్వు రావచ్చు గాని, పేరు అచ్చంగా సరిపోయింది. పంగిడి, గౌరీపట్నం చుట్టుపక్కల క్రషర్లకు కావలసింది కంకరకు పనికొచ్చే నల్లరాయి. దానికోసం తవ్వితేనే నడుమనున్న సున్నపురాయి గోడలో తెల్లని పట్టీలా బయటపడింది, తవ్వకం లేకుంటే పొలాల కింద కనపడకుండానే ఉండేది. అదే తవ్వకం సాగినకొద్దీ గోడ వెనక్కు జరిగి ఆ పట్టీ కూడా దానితోపాటు పోతుంది. ఒక శాస్త్రజ్ఞుడు కొలిచిన చోటుకు ఇరవై ఏళ్ల తరువాత మరొకరు వెళితే, అక్కడ నీళ్లు నిలిచిన గొయ్యి తప్ప కొలవడానికేమీ మిగలకపోవచ్చు. నష్టమూ లాభమూ ఒకే చేతి నుంచి రావడం వల్ల క్వారీని తిట్టడమూ తేలిక కాదు, మెచ్చడమూ తేలిక కాదు. గోడలో ఒక కొసనైనా తవ్వకుండా విడిచిపెట్టి, దాన్ని నమోదు చేసి ఉంచడం చేయదగిన పని.

కంకరకు పనికిరాని ఆ మెత్తని రాతిముక్కలను పక్కన కుప్పగా పోస్తే, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి బురద కడుక్కుపోయి గుల్లలు రాతి మీద ఉబ్బెత్తుగా తేలతాయి. అలాంటి ముక్క మీద నిమ్మకాయ పిండి ఒక చుక్క వేస్తే పల్చగా నురగ కడుతుంది, పలుచని ఆమ్లం వేస్తే బుసబుస పొంగుతుంది. పక్కనే ఉన్న నల్లరాయి మీద అదే చుక్క ఏమీ కాకుండా జారిపోతుంది. నురగలోని ప్రతి బుడగలో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. రెండు లావాల నడుమ దొరికిన వ్యవధిలో ఉప్పునీటిలో బతికిన నత్త తన గుల్ల కోసం నీటి నుంచి పట్టి బంధించిన ఆ బొగ్గుపులుసే, నిమ్మచుక్క తగిలేదాకా బయటి గాలి ఎరగక, ఇప్పుడు విడుదలై క్వారీ గాలిలో కలిసిపోతుంది.